ఎంపీ నిధులతో ఊరి పని చేయించుకోవడం ఎలా? అర్జీ నుంచి ఆఖరి బిల్లు దాకా

"ఎంపీ గారిని కలిశాం, లెటర్ ఇచ్చారు. ఏడాది గడిచినా పని మొదలుకాలేదు. ఇప్పుడేం చేయాలి?" సర్పంచులు, కాలనీ సంఘాలవాళ్లు, బడి కమిటీల్లోని తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. చాలాసార్లు ఇందులో ఎంపీ మాట తప్పిందేమీ ఉండదు, ఆఫీసరు కావాలని ఆపిందీ ఉండదు. స్థలం కాగితం లేకో, ఎస్టిమేట్ సరిపోకో ఫైలు ఎక్కడో ఒకచోట ఆగిపోయి ఉంటుంది.

అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం నాయకుణ్ని కలవడానికి ముందు మీరు చేసుకోవాల్సిన పనుల గురించే ఉంటుంది. కాగితాలు పక్కాగా ఉన్న చిన్న ఊరి అర్జీ, పలుకుబడి ఉన్న పెద్ద ఊరి అర్జీకంటే ముందు కదులుతుంది. ఇక్కడ చెప్పేది ప్రధానంగా ఎంపీ ల్యాడ్స్, అంటే పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం గురించి. ఎమ్మెల్యే నిధులకు నిబంధనలు వేరే అయినా, తయారీ మాత్రం దాదాపు ఇంతే.

## 1. ఎవరి చేతిలో ఏముందో ముందు తెలుసుకోండి

ఎంపీ చేతికి డబ్బు రాదు. ఆయన సంతకం చేసే చెక్కులేవీ ఉండవు. ఈ పథకంలో ముగ్గురికి మూడు పనులు:

- ఎంపీ: ఫలానా పని చేయమని సిఫార్సు చేస్తారు.
- జిల్లా కలెక్టరు: పనికి అర్హత ఉందో లేదో చూసి మంజూరు చేస్తారు. మన రెండు రాష్ట్రాల్లో ఈ ఫైళ్లు మామూలుగా కలెక్టరేట్‌లోని ముఖ్య ప్రణాళికాధికారి, అంటే సీపీవో ఆఫీసులో నడుస్తాయి.
- పని చేసే శాఖ: పంచాయతీరాజ్ ఇంజనీరింగ్, మున్సిపాలిటీ లాంటివి. ఎస్టిమేట్, టెండరు, కొలతలు, బిల్లు వీళ్ల బాధ్యత.

కాంట్రాక్టరు ఎంపిక ఎంపీ పని కాదు. "మావాడికే పని ఇప్పించండి సార్" అని ఆయన దగ్గర అడగడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు ఎంపీ వైపు నుంచి ఒక చిన్న లెక్క చూడండి. ఆయన సిఫార్సు చేయగలిగేది ఏడాదికి 5 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌లో 25 లోక్‌సభ స్థానాలకు 175 అసెంబ్లీ స్థానాలు, తెలంగాణలో 17కు 119. అంటే రెండు చోట్లా ఒక్కో ఎంపీ కింద ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు. సమానంగా పంచితే ఒక్కోదానికి ఏడాదికి 71 లక్షల చిల్లర. అందులో ఎన్ని మండలాలు, ఎన్ని ఊళ్లు ఉన్నాయో మీకే తెలుసు.

ఈ లెక్క మనసులో పెట్టుకుంటే కోటి రూపాయల ఫంక్షన్ హాలు అడగడం ఎందుకు వృథానో అర్థమవుతుంది. ఐదు నుంచి పదిహేను లక్షల్లో పూర్తయ్యే పని, వెంటనే మొదలుపెట్టడానికి అడ్డంకి లేని పని, ఎక్కువమందికి కళ్లెదుట కనిపించే పని అయితే ఎంపీ ఆఫీసు కూడా తేలిగ్గా ఒప్పుకుంటుంది.

## 2. మీ పని ఈ పథకంలో పడుతుందా?

సూత్రం ఒక్కటే: పదిమందికీ పనికొచ్చే, చాలాకాలం నిలిచే ఆస్తి తయారవ్వాలి. తాగునీరు, ప్రభుత్వ బడి గదులు, ఆరోగ్య కేంద్రానికి వసతులు, మురుగు కాలువలు, సీసీ రోడ్లు, కమ్యూనిటీ హాళ్లు, గ్రంథాలయాలు మామూలుగా పడతాయి.

కుదరనివి ఇవి. అర్జీలు ఎక్కువగా వెనక్కి వచ్చేది ఇక్కడే:

- గుడి, మసీదు, చర్చి ప్రాంగణాల్లో పనులు, మత సంస్థల భూముల్లో కట్టడాలు
- స్థలం కొనడం, భూమికి నష్టపరిహారం చెల్లించడం
- ఇప్పటికే పూర్తయిన పనికి, సగం చేసిన పనికి డబ్బు తిరిగి ఇప్పించడం
- ఒక వ్యక్తికో, ఒక కుటుంబానికో మాత్రమే లాభం కలిగించే పని
- స్మారకాలు, విగ్రహాల లాంటివి. కట్టిన ఆస్తికి ఎవరి పేరైనా పెట్టడం
- వ్యాపార సంస్థలకు చెందిన కట్టడాలు
- జీతాలు, కరెంటు బిల్లుల లాంటి నెలవారీ ఖర్చులు

మీ పని ఈ జాబితాలో ఉంటే ఎంపీ ఎంత మంచివారైనా చేయగలిగింది లేదు. వేరే దారి చూసుకోండి. పైపులైను, పారిశుద్ధ్యం లాంటివి ముందు పంచాయతీ ఆర్థిక సంఘం గ్రాంటులో అడగాలి. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యాలకే ఖర్చు చేయాలని కట్టడి పెట్టారు. గనుల ప్రాంతంలో ఉంటే జిల్లా ఖనిజ నిధి ఉంది. చుట్టుపక్కల పెద్ద కంపెనీ ఉంటే దాని సామాజిక బాధ్యత నిధిని అడగొచ్చు.

## 3. అడిగేది ఒక్కటే పని కావాలి

ఒకే అర్జీలో రోడ్డు, బోరు, వీధి దీపాలు, బస్ షెల్టరు అన్నీ రాసి ఇచ్చేవాళ్లు చాలామంది. అలా ఇస్తే ఏదీ మంజూరు కాదు. దాన్ని చదివిన పీఏకి ఏ శాఖకు పంపాలో తెలియదు, ఎంత ఖర్చవుతుందో తెలియదు. ఆ కాగితం "చూద్దాం" అనే కట్టలోకి పోతుంది.

గ్రామ సభ పెట్టి ఒక్క పని తేల్చుకోండి. ఎవరి వీధి ముందు అనే గొడవ ఊళ్లోనే తీరాలి. ఆ గొడవ ఎంపీ ఇంటి ముందుకు వెళ్లిందంటే రెండు వర్గాల పనీ ఆగిపోతుంది. ఏ నాయకుడైనా ఊళ్లో ఒకరికి ఇచ్చి ఇంకొకరితో మాటపడటానికి ఇష్టపడడు.

తీర్మానంలో ఇవి ఉండాలి:

- పని పేరు, అది ఎక్కడి నుంచి ఎక్కడి వరకు
- ఎన్ని కుటుంబాలకు ఉపయోగం
- స్థలం పంచాయతీ అధీనంలో ఉందన్న మాట, సర్వే నంబరుతో సహా
- వేరే పథకంలో ఈ పని మంజూరు కాలేదన్న మాట
- సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి సంతకాలు, తేదీ, తీర్మానం నంబరు

పట్టణాల్లో కాలనీ సంఘమైతే సంఘం తీర్మానంతోపాటు మున్సిపల్ కమిషనరు నుంచి అభ్యంతరం లేదనే లేఖ తీసుకోండి.

## 4. స్థలం కాగితాలు: ఫైళ్లు ఆగిపోయేది ఇక్కడే

ఈ ఒక్క మెట్టు సరిగ్గా ఎక్కితే సగం పని అయిపోయినట్టే. రోడ్డు, కాలువ లాంటి పనులకు పెద్దగా ఇబ్బంది ఉండదు, ఉన్న బాట మీదే వేస్తారు కాబట్టి. కమ్యూనిటీ హాలు, వాటర్ ట్యాంకు, గ్రంథాలయం, బస్ షెల్టరు లాంటి కట్టడాలకే అసలు చిక్కు.

స్థలం ప్రభుత్వానిదైతే. తహసీల్దార్ ఆఫీసులో సర్వే నంబరు, విస్తీర్ణం, భూమి స్వభావం రాయించుకోండి. గ్రామకంఠమా, పోరంబోకా అన్నది తేలాలి. పోరంబోకు అన్నంత మాత్రాన సరిపోదు. చెరువు, కుంట, వాగు పోరంబోకులో కట్టడానికి అనుమతి రాదు. వానాకాలంలో నీళ్లు నిలవని స్థలమైనా రికార్డులో కుంట అని ఉంటే కుంటే. ఆ స్థలాన్ని వదిలేసి ఇంకోటి వెతుక్కోండి.

దాత ఇచ్చిన స్థలమైతే. "ఇస్తాం" అన్న నోటిమాట, తెల్లకాగితం మీద సంతకం, వంద రూపాయల స్టాంపు పేపరు ఏవీ చెల్లవు. పంచాయతీ పేరు మీద దానపత్రం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు కావాలి. రిజిస్టరు చేసే ముందు చూసుకోవాల్సినవి:

- ఈసీ, అంటే స్థలం లావాదేవీలు చూపే ధ్రువపత్రం తీసి, దాని మీద తనఖా గానీ వేరే లావాదేవీలు గానీ లేవని తేల్చుకోండి.
- నిషేధిత ఆస్తుల జాబితాలో, అంటే 22ఏలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడండి.
- అసైన్డ్ భూమి అయితే తహసీల్దార్‌తో మాట్లాడనిదే ముందుకు వెళ్లకండి.
- దాత అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు వాటా ఉంటే అందరి సంతకాలూ దానపత్రంలోనే ఉండాలి.
- ఆ స్థలానికి వెళ్లే దారి కూడా పంచాయతీదో కాదో చూడండి. స్థలం రాసిచ్చి దారి ఇవ్వని సందర్భాలున్నాయి.

ఇక్కడ మొహమాటపడకుండా ముందే తేల్చుకోవాల్సిన మాట ఒకటుంది. "మా నాన్నగారి పేరు మీద ఐదు సెంట్లు ఇస్తాం, హాలుకు ఆయన పేరు పెట్టండి" అని దాత అడగడం సహజం. ఎంపీ ల్యాడ్స్‌తో కట్టిన భవనానికి పేరు పెట్టడం కుదరదు. రిజిస్ట్రేషన్‌కు ముందే ఆయన దగ్గర కూర్చుని, "బాబాయ్, పేరు పెట్టే వీలు లేదు, రూల్ ఒప్పుకోదు" అని గౌరవంగా చెప్పండి. ఒప్పుకుంటే మంచిది. లేదంటే వేరే స్థలం చూసుకోవచ్చు. చెప్పకుండా దాచి, బిల్డింగ్ పూర్తయ్యాక బోర్డు దగ్గర గొడవపడితే ఆ హాలు తాళం తీయరు.

రామాలయం పక్క ఖాళీ స్థలం చాలా ఊళ్లలో ఊరందరిదీ అనుకుంటారు. రికార్డులో అది దేవుడి పేరు మీద ఉంటే అక్కడ హాలు కట్టడానికి ఈ నిధులు రావు. కాబట్టి ముందు రికార్డు చూడండి.

## 5. ఎస్టిమేట్ ముందు, ఎంపీ తర్వాత

ఎక్కువమంది ముందు ఎంపీని కలిసి, "పది లక్షలు" అనే అంకె తెచ్చుకుని, అప్పుడు ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు దగ్గరికి వెళ్తారు. ఏఈ లెక్కవేస్తే పన్నెండున్నర అవుతుంది. సిఫార్సు పదికే ఉంది కాబట్టి ఫైలు మళ్లీ ఎంపీ సమ్మతి కోసం వెనక్కి పోతుంది. ఆ రాకపోకలతోనే నెలలు గడిచిపోతాయి.

తిప్పి చేయండి. మండల పంచాయతీరాజ్ ఏఈని కలిసి, గ్రామ సభ తీర్మానం చూపించి, కొలతలకు రమ్మని అడగండి. "సార్, బడి దాకా రోడ్డు కావాలి. బాట మేం చూపిస్తాం, టేపు పట్టుకోడానికి ఇద్దరు కుర్రాళ్లుంటారు. మీరు ఒక్కసారి రండి" అంటే చాలామంది వస్తారు. మండలం మొత్తానికి ఆయన ఒక్కరే అయి ఉండొచ్చు, అందుకే ఆయన వీలు చూసి రోజు అడగండి.

ఏఈ వచ్చేలోపు మీ లెక్క మీరు వేసి పెట్టుకోండి. ఉదాహరణకు 180 మీటర్ల సీసీ రోడ్డు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అనుకుంటే 180 × 3 × 0.15 = 81 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. ఈ అంకె మీ దగ్గర ఉంటే రేపు పని జరిగేటప్పుడు ఎంత పోశారో ఎంత పోయలేదో మీరే అడగగలరు.

ఎస్టిమేట్‌లో జనం మర్చిపోయేది పన్నులు. పని విలువ 8 లక్షలైతే దానిమీద జీఎస్టీ 18 శాతం, అంటే 1 లక్షా 44 వేలు. లేబర్ సెస్ 1 శాతం, 8 వేలు. ఇవి కలిపితేనే 9 లక్షల 52 వేలు. ఇంకా చిన్నచిన్న పద్దులు ఉంటాయి. ఎంపీకి చెప్పాల్సింది ఈ మొత్తం అంకె, ఎనిమిది కాదు.

ఏఈతో మాట్లాడేటప్పుడు ఇవి అడగడం మర్చిపోకండి:

- రోడ్డు పక్కన కాలువ కూడా ఎస్టిమేట్‌లో ఉందా? కాలువ లేని సీసీ రోడ్డు మీద మురుగు నిలిచి, నీళ్లు ఇళ్లలోకి వస్తాయి.
- రోడ్డు కింద తాగునీటి పైపులైను వేయాల్సి ఉందా? ఉంటే అది ముందు. లేదంటే కొత్త రోడ్డును వాళ్లే పగలగొడతారు.
- కరెంటు స్తంభం అడ్డముంటే మార్చే ఖర్చు ఎవరిది?
- భవనమైతే కరెంటు వైరింగ్, మరుగుదొడ్డి, నీటి కనెక్షన్ కలిపారా? ఇవి లేకుండా కట్టిన హాళ్లు వాడకంలోకి రావు.
- లెక్క ఈ ఏడాది రేట్లతోనే వేశారా?

మొత్తం ఎక్కువైతే పనిని తగ్గించండి, నాణ్యత తగ్గించకండి. 180 మీటర్లకు డబ్బు చాలకపోతే 120 మీటర్లు అడగండి. మందం తగ్గించి పొడవు పెంచమని ఒత్తిడి చేస్తే మూడో వానాకాలానికి రోడ్డు పెచ్చులు లేస్తుంది.

రెండు నిధులు కలిపి ఒక పని చేయొచ్చు. మిగతా డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కాగితం మీద చూపించాలి. "మిగతాది తర్వాత చూసుకుంటాం" అంటే మంజూరు రాదు.

## 6. తర్వాత ఎవరు చూసుకుంటారు?

కట్టిన ఆస్తిని నడిపే బాధ్యత ఎవరిదో ముందే రాసివ్వాలి. మంచినీటి ప్లాంటు అయితే కరెంటు బిల్లు, మెంబ్రేన్ మార్పించడం, హాలు అయితే ఊడ్చడం, రంగులు. పంచాయతీ లేదా సంబంధిత శాఖ లెటర్‌హెడ్ మీద ఒక్క పేజీ హామీ లేఖ చాలు. అది అర్జీతోనే పెట్టండి. కలెక్టరేట్ వాళ్లు అడిగేదాకా ఆగితే అదొక నెల.

## 7. అర్జీ ఎలా రాయాలి?

ఒక్క పేజీ. ఎంపీ ఆఫీసులో రోజూ వచ్చే కాగితాల మధ్య మీ కాగితానికి దొరికేది అర నిమిషం. పొగడ్తలతో మొదటి పేరా నింపితే అసలు విషయం దాకా ఎవరూ చదవరు. నమూనా ఇది:

> విషయం: ........ మండలం, ........ గ్రామం, ఎస్సీ కాలనీలో వాటర్ ట్యాంకు నుంచి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల వరకు 180 మీటర్ల సీసీ రోడ్డు, ఒకవైపు కాలువ. అంచనా ........ లక్షలు. ఎంపీ ల్యాడ్స్ నుంచి సిఫార్సు చేయవలసిందిగా వినతి.
>
> అయ్యా, ఈ దారిలో ........ కుటుంబాలు ఉంటున్నాయి. పాఠశాలలోని ........ మంది పిల్లలు ఇదే దారిలో నడుస్తారు. వానాకాలంలో మోకాలిలోతు బురద. స్థలం గ్రామకంఠం, పంచాయతీ అధీనంలో ఉంది. వేరే పథకంలో మంజూరు కాలేదు. నిర్వహణ బాధ్యత పంచాయతీది. తీర్మానం, ఏఈ ఎస్టిమేట్, తహసీల్దార్ ధ్రువపత్రం, ఫొటోలు జతచేశాం.

అంతే. కింద సర్పంచ్ సంతకం, ఫాలోఅప్ చేసే ఒక్కరి ఫోన్ నంబరు. నలుగురి నంబర్లు రాస్తే ఎవరికీ ఫోన్ రాదు.

ఎస్సీ, ఎస్టీ కాలనీ అయితే ఆ మాట విషయంలోనే రావాలి. దానికి కారణం ఉంది. ఏడాది నిధిలో 15 శాతం ఎస్సీలు నివసించే ప్రాంతాలకు, 7.5 శాతం ఎస్టీలు నివసించే ప్రాంతాలకు సిఫార్సు చేయాలని నిబంధన. 5 కోట్లలో అది 75 లక్షలు, 37.5 లక్షలు. ఈ వాటా కింద పెట్టడానికి కాగితాలు సిద్ధంగా ఉన్న పనులు ఎంపీ ఆఫీసుకు కావాలి. మన కాలనీలవాళ్లు ఈ సంగతి తెలియక సాధారణ అర్జీల వరుసలో నిలబడుతున్నారు. ఇది తెలుసుకుని అడగడం వాళ్ల హక్కు.

అర్జీతో పెట్టాల్సినవి:

- ☐ గ్రామ సభ తీర్మానం నకలు
- ☐ ఏఈ సంతకంతో ఎస్టిమేట్
- ☐ తహసీల్దార్ ధ్రువపత్రం లేదా రిజిస్టర్ అయిన దానపత్రం
- ☐ నిర్వహణ హామీ లేఖ
- ☐ స్థలం ఫొటోలు రెండు మూడు
- ☐ అన్నిటికీ మూడు సెట్ల జిరాక్సులు: ఎంపీకి, సీపీవో ఆఫీసుకు, మీకు

## 8. ఎవరిని, ఎప్పుడు కలవాలి?

లోక్‌సభ ఎంపీ ఒక్కరే దారి కాదు. రాష్ట్రం నుంచి ఎన్నికైన రాజ్యసభ సభ్యులకు కూడా ఏడాదికి అంతే నిధి ఉంటుంది, వాళ్లు రాష్ట్రంలో ఎక్కడైనా సిఫార్సు చేయొచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు 11 మంది, తెలంగాణకు ఏడుగురు ఉన్నారు. ఊళ్లు సాధారణంగా వాళ్ల దగ్గరికి వెళ్లవు. మీ లోక్‌సభ ఎంపీ నిధి ఈ ఏడాదికి అయిపోయిందని చెబితే ఇటు ప్రయత్నించండి.

ఎమ్మెల్యేని దాటేసి వెళ్లకండి. పని జరిగేది ఆయన నియోజకవర్గంలోనే. ముందుగా ఒక మాట చెప్పి, వీలైతే ఆయన సమర్థన లేఖ కూడా జతచేయండి. పార్టీలు వేరైనా సరే, ఊరి తరఫున మర్యాదగా వెళ్తే ఎక్కువమంది కాదనరు. చిన్న పనైతే ఎమ్మెల్యే నియోజకవర్గ అభివృద్ధి నిధి ఉందేమో ఆయన్నే అడగొచ్చు. తెలంగాణలో ఆ నిధిని 2021లో ఎమ్మెల్యేకు ఏడాదికి 5 కోట్లకు పెంచారు.

ఏడాది మొదట్లో, ఏప్రిల్ నుంచి జూన్ మధ్య కలవడం మంచిది. పార్లమెంటు సమావేశాలు జరిగే రోజుల్లో ఢిల్లీకి ఫోన్లు చేయకుండా నియోజకవర్గంలో ఉన్నప్పుడు వెళ్లండి. పెళ్లిళ్లలో, సభల్లో చేతిలో పెట్టిన కాగితం గన్‌మ్యాన్ దగ్గరో కారు సీట్లోనో ఉండిపోతుంది. ఆఫీసుకే వెళ్లి, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి.

ముగ్గురు నలుగురు వెళ్తే చాలు. వారిలో ఆ దారి వాడే ఆడవాళ్లు, బడి టీచరు ఉంటే సమస్య వాళ్ల నోటివెంటే వస్తుంది.

## 9. లెటర్ వచ్చాక అసలు ఫాలోఅప్

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కొత్త మార్గదర్శకాల ప్రకారం సిఫార్సు, మంజూరు, చెల్లింపు అన్నీ ఈ-సాక్షి పోర్టల్‌లో నడవాలి. అంటే లెటర్‌హెడ్ మీద సంతకం పడితే సరిపోదు. మీ పని పోర్టల్‌లో ఎక్కిందా, దాని నంబరు ఎంత అని ఎంపీ ఆఫీసులో అడిగి రాసుకోండి. లెటర్ చేతిలో పెట్టుకుని ఏడాది ఎదురుచూసిన చాలామంది ఈ ఒక్క ప్రశ్న అడగలేదు.

తర్వాత వరుస ఇలా ఉంటుంది:

1. సీపీవో ఆఫీసుకు సిఫార్సు చేరుతుంది. ఒక వారం ఆగి వెళ్లి, మీ దగ్గరున్న సెట్ ఇవ్వండి.
2. వాళ్లు పని చేసే శాఖను ఎస్టిమేట్ అడుగుతారు. మీది సిద్ధంగా ఉంది కాబట్టి ఏఈ, ఆయన పై ఇంజనీరైన డీఈ దాన్నే పైకి పంపించొచ్చు.
3. కలెక్టరు పరిపాలనా అనుమతి ఇస్తారు. దాని కాపీ తీసుకోండి. ఆ ఉత్తర్వు లేనిదే గునపం దించకండి.
4. సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు.

అర్హత లేదని పనిని తిరస్కరిస్తే ఆ సంగతి 45 రోజుల్లోగా ఎంపీకి తెలియజేయాలి. ఆ గడువు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలో రాసివ్వండి, రసీదు తీసుకోండి. అయినా జవాబు రాకపోతే కలెక్టరేట్‌కు పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. అందులో కోపం రాయొద్దు, ప్రశ్నలే రాయండి: సిఫార్సు ఏ తేదీన అందింది, ఇప్పుడు ఫైలు ఎవరి దగ్గర ఉంది, ఏ కాగితం తక్కువైంది.

ఎన్నికల కోడ్ వస్తే మంజూరైనా క్షేత్రంలో మొదలుకాని పని కోడ్ అయ్యేదాకా ఆగిపోతుంది. అందుకే ఎన్నికలు దగ్గరపడుతుంటే, నిబంధన ప్రకారమే అయినా, పని త్వరగా మొదలయ్యేలా వెంటపడండి.

## 10. పని జరుగుతున్నప్పుడు ఊరి కాపలా

మంజూరు ఉత్తర్వును పంచాయతీ గోడకు అంటించండి. పొడవు, వెడల్పు, మందం, మొత్తం అందరికీ తెలియాలి. కాంక్రీటు పోసే రోజు ఏఈ లేదా వర్క్ ఇన్‌స్పెక్టరు ఉండాలని పట్టుబట్టండి. పోయకముందే అంచు పలకల ఎత్తు టేపుతో కొలవండి, పోశాక మందం తెలియదు. తర్వాత కనీసం రెండు వారాలు నీళ్లు పట్టించే బాధ్యత వీధిలోవాళ్లు పంచుకుంటే మీ రోడ్డే గట్టిగా ఉంటుంది.

ఎం-బుక్‌లో, అంటే శాఖవాళ్ల కొలతల పుస్తకంలో కొలతలు రాసేటప్పుడు సర్పంచ్ లేదా వార్డు సభ్యుడు అక్కడే ఉండాలి. పూర్తయ్యాక పథకం పేరు, ఎంపీ పేరు, ఖర్చు రాసిన శిలాఫలకం పెట్టారో లేదో, ఆస్తి పంచాయతీ రిజిస్టర్‌లో ఎక్కిందో లేదో చూడండి. రిజిస్టర్‌లో లేని ట్యాంకుకు రేపు మరమ్మతు నిధులు అడగలేం.

## 11. తరచూ జరిగే తప్పులు, సర్దుకునే దారి

మంజూరు రాకముందే పని మొదలుపెట్టడం. "బిల్లు తర్వాత వస్తుందిలే" అని ఊరివాళ్లే చందాలు వేసుకునో, తెలిసిన మేస్త్రీతో అప్పు మీదో మొదలుపెడతారు. చేసేసిన పనికి ఈ పథకం డబ్బు ఇవ్వదు. ఇప్పటికే కొంత చేసేసి ఉంటే, ఆ భాగాన్ని వదిలి మిగిలిన భాగాన్ని కొత్త పనిగా, కొత్త కొలతలతో అడగొచ్చేమో ఏఈతో మాట్లాడండి. చేసిన భాగాన్ని అందులో కలపకండి.

ఒకే పనికి ఇద్దరి దగ్గర లెటర్లు. ఎంపీ దగ్గర ఒకటి, ఎమ్మెల్యే దగ్గర ఒకటి తెచ్చి పెడితే రెండు ఫైళ్లూ ఆగుతాయి. ఒకదాన్ని రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి, లేదా రోడ్డును రెండు ముక్కలుగా విడగొట్టి ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఎవరిదో స్పష్టం చేయండి.

పని పేరు కాగితానికో రకంగా రాయడం. తీర్మానంలో "కమ్యూనిటీ హాలు", ఎస్టిమేట్‌లో "మహిళా భవనం", సిఫార్సులో "బహుళ ప్రయోజన భవనం" ఉంటే క్లర్కు దగ్గరే ఆగుతుంది. అన్నిటిలో ఒకే పేరు, ఒకే సర్వే నంబరు, ఒకే అంకె ఉండేలా చూసుకోండి. సిఫార్సులో తప్పు పడితే సవరణ లేఖ వెంటనే అడగండి.

టెండరుకు ఎవరూ రాకపోవడం. పాత రేట్లతో వేసిన ఎస్టిమేట్ అయితే ఇది జరుగుతుంది. రేట్లు సవరించమని శాఖను, పెరిగిన మొత్తానికి సమ్మతి ఇవ్వమని ఎంపీని ఒకేసారి కోరండి.

ఫాలోఅప్ చేసే మనిషి మారిపోవడం. కాగితాలు ఒకరి బీరువాలో ఉండిపోతాయి. పంచాయతీ ఆఫీసులో ఒక ఫైలు పెట్టి, ఏ తేదీన ఎవరిని కలిశారో అందులో రాస్తూ ఉండండి.

## 12. ఈ నిధి సరిపోని పెద్ద పనులు

వంతెన, రైల్వే అండర్‌పాస్, జాతీయ రహదారి మీద సర్వీసు రోడ్డు లాంటివి ఎంపీ ల్యాడ్స్‌తో అయ్యేవి కావు. వాటికి ఎంపీని అడగాల్సింది డబ్బు కాదు, సభలో ఆయన గొంతు.

లోక్‌సభలో 377 నిబంధన కింద నియోజకవర్గ సమస్యను లిఖితపూర్వకంగా లేవనెత్తొచ్చు. జీరో అవర్‌లో మాట్లాడొచ్చు. నక్షత్ర గుర్తు లేని ప్రశ్న వేస్తే మంత్రిత్వ శాఖ రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ జవాబుతో ప్రతిపాదన ఏ దశలో ఉందో రికార్డుకు ఎక్కుతుంది. ప్రశ్నకు 15 రోజుల ముందే నోటీసు కావాలి కాబట్టి సమావేశాలు మొదలయ్యాక పరుగెత్తితే లాభం లేదు.

ప్రశ్న ముసాయిదా మీరే రాసిస్తే ఎంపీ ఆఫీసుకు పని తేలికవుతుంది. "మా ఊరికి అండర్‌పాస్ ఎప్పుడు ఇస్తారు" అని కాకుండా, లెవెల్ క్రాసింగ్ నంబరు, సెక్షన్ పేరు, ఇంతకుముందు రైల్వే ఇచ్చిన లేఖ నంబరు, తేదీ పెట్టి, సర్వే పూర్తయిందా, అంచనా సిద్ధమైందా, రాష్ట్రం నుంచి ఏమైనా రావాల్సి ఉందా అని విడివిడిగా అడగండి.

జిల్లా స్థాయిలో దిశ కమిటీ ఉంది. ఎంపీ అధ్యక్షత వహిస్తారు, కలెక్టరు సభ్య కార్యదర్శి, మూడు నెలలకోసారి సమావేశం కావాలి. కేంద్ర పథకాలన్నీ అక్కడ సమీక్షకు వస్తాయి, సంబంధిత శాఖల అధికారులు ఎదురుగానే ఉంటారు. సమావేశం తేదీ తెలియగానే మీ విషయాన్ని ఒక పేరాలో రాసి ఎంపీ పీఏకి, కాపీ కలెక్టరేట్‌కు ఇవ్వండి. సమావేశం అయ్యాక మినిట్స్ అడిగి తీసుకోండి. మీ పని పేరు, దానికి బాధ్యుడైన అధికారి హోదా, గడువు తేదీ ఆ మినిట్స్‌లో ఉన్నాయో లేదో చూసుకుని, వచ్చే సమావేశానికి అదే కాగితం పట్టుకుని వెళ్లండి.